రెండు పిడికిళ్ళ కొసరు

కోటబొమ్మాళిలో రైల్వేస్టేషనుకి పోయే రోడ్డుమీద మా తమ్ముడి కొడుకు కిరాణా కొట్టు ఉంది. అందులో ఒక ప్లాస్టిక్ కుర్చీ సాయంత్రంపూట నాకోసం ఖాళీగా ఉంచుతారు. డెబ్బై దాటిన మనిషికి కొట్లో పనేముంటుంది గనక, వచ్చేపోయేవాళ్ళని పలకరించడం, ఫలానా పెద్దాయన ఇంకా బతికే ఉన్నాడని నలుగురికీ కనిపించడం, అంతే. మొన్నొకరోజు అలాగే కూర్చుని గోడకి తగిలించిన టీవీలో వార్తలు చూస్తున్నాను. ఎక్కడో దూరదేశంలో యుద్ధం. ఏ దేశమో చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే, ఈమధ్య అలాంటివి ఒకటి కాదు కదా. గేటు దగ్గర పిండి బస్తాల లారీలు బారులు తీరి ఉన్నాయి. లోపలున్న జనానికి ఇంతకు మించి పోనివ్వకూడదని ఏదో లెక్కట, లేకపోతే అది శత్రువుల నోట్లోకి పోతుందట. యూనిఫాం వేసుకున్న ఒక కుర్రాడు ఒక బస్తాని కాటామీద పెట్టించి, అంకె నిలిచేదాకా ఓపిగ్గా చూసి, పక్కకి తీయించేశాడు. రెండు క్షణాలు చూపించి క్రికెట్టుకి వెళ్ళిపోయారు.

అప్పుడు చూసుకుంటే నా కుడిచెయ్యి గుప్పిట బిగుసుకుని ఉంది. ఇది నాకు కొత్త కాదు, కాటా కనిపించినప్పుడల్లా అప్పుడప్పుడూ ఇలా అవుతుంది. మావాడు అది ముసలితనపు బిగువనుకుని శ్రీకాకుళంలో ఎముకల డాక్టరుకి చూపిద్దామంటాడు. డాక్టరుకి చూపిస్తే ఏం తెలుస్తుంది. ఆ గుప్పిట్లో ఏముందో చెబుదామనే ఇది రాస్తున్నాను. నా ఈడువాళ్ళయితే సగం చెప్పేసరికే మిగతా సగం మీరే అందుకుంటారు.

మాది మొదట్నుంచీ కోటబొమ్మాళి కాదు. కొండల మొదట్లో ఒక సంత ఊరు మాది, దాని పేరు వదిలేద్దాం. తాతగారి కాలంనించీ అక్కడ కొట్టు. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, మిరపకాయలు, పొగాకు, అగ్గిపెట్టెలు మా కొట్లోంచి కొండెక్కేవి. చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, కరక్కాయలు, కందులు కొండ దిగి మా కొట్లోకి వచ్చేవి. శుక్రవారం సంత. తెల్లవారేసరికి కావిళ్ళు దిగడం మొదలయ్యేది, పొద్దు వాలకముందే మళ్ళీ అందరూ కొండదారి పట్టేవాళ్ళు. నాకు పందొమ్మిదో ఏడు. పి.యు.సి. తప్పి ఇంట్లో కూర్చుంటే, తప్పితే తప్పావు, కొట్లో కూర్చోమని నాన్న తక్కెడ చేతికిచ్చారు.

మా వ్యాపారం గురించి నిజం చెప్పాలి. మేం ధర్మాత్ములమేం కాదు. మా కొట్లో కుంచాలు రెండు ఉండేవి. కొండవాళ్ళ దగ్గర చింతపండు, కందులు కొలుచుకునేది ఒకటి, వాళ్ళకి ఉప్పు కొలిచి ఇచ్చేది ఒకటి. ఏది పెద్దదో మీరే ఊహించుకోండి. ఆ సంగతి మాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. కొండల్లో తర్వాత జరిగిన గొడవలన్నిటికీ అలాంటి కుంచాలే మూలమని పెద్ద పెద్ద చదువులు చదువుకున్నవాళ్ళు రాశారు, కాదనను. కానీ ఆ కుంచంతోపాటు ఇంకొకటి కూడా ఉండేది, దాని గురించి మాత్రం ఎవరూ రాయలేదు. అది కొసరు.

మీకు గుర్తుండే ఉంటుంది. కొలత మొదలుపెడితే ఒకటి అనేవాళ్ళం కాదు, లాభం అనేవాళ్ళం. లాభం, రెండు, మూడు అంటూ కొలిచి, పైన సమంగా తలకొట్టి, పోసేశాక కూడా కొన్నవాడు కదిలేవాడు కాదు. పంచె కొంగో, గుడ్డ సంచో అలాగే తెరిచి పట్టుకుని నిలబడేవాడు. అడిగేవాడు కాదు, బతిమాలేవాడు కాదు. నిలబడేవాడు, అంతే. అప్పుడు కొట్టువాడు రాశిలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి పైన వేస్తే, అప్పటికి ఆ బేరం తెగినట్టు. కొసరు పడని కొలత కొలతే కాదని మావైపు లెక్క. కుంచంతో తీసుకున్నదాంట్లో పిడికెడు తిరిగి ఇచ్చి మనసు సరిపెట్టుకునేవాళ్ళమేమో, నాకు తెలీదు. నాన్న చెయ్యి మాత్రం పెద్దది. ఆయన కొసరుకోసమే నాలుగు కొట్లు దాటి మా కొట్టుకి వచ్చేవాళ్ళున్నారు.

అలా వచ్చేవాళ్ళలో ఒకాయన మా నాన్నకి నేస్తం. మామూలు స్నేహం కాదు, కట్టుకున్న నేస్తం. కొండవాళ్ళకీ దిగువ ఊళ్ళవాళ్ళకీ మధ్య ఆ ఆనవాయితీ ఉండేది. కొబ్బరికాయ, కొత్తబట్ట మార్చుకుని నేస్తం కట్టుకున్నాక ఒకరి పేరు ఒకరు నోటితో పలకకూడదు, చచ్చేదాకా నేస్తం అనే పిలుచుకోవాలి. నాన్నకి నేస్తం కాబట్టి నాకు మావ. నేనాయన్ని మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆయనకి అసలు పేరొకటి ఉంటుందని నాకు తట్టనే లేదు. చిన్నప్పుడు సంతకి వస్తే నాకోసం ఆకు దొన్నెలో కొండ నేరేడుపళ్ళు తెచ్చేవాడు, నేను వాటిని తినేసి నాలుక బయటపెట్టి చూపిస్తే పడీ పడీ నవ్వేవాడు. సన్నగా, పొట్టిగా, మోకాళ్ళపైకి కట్టిన గోచీబట్టతో, ఎప్పుడూ చెవిమీద ఒక చుట్టముక్కతో ఉండేవాడు. మా అమ్మకి జ్వరం వచ్చి మంచంపట్టినప్పుడు ఏదో వేరు పట్టుకుని వానలో పన్నెండు మైళ్ళు నడిచి వచ్చాడని మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునేవారు.

తర్వాత కొండల్లో గొడవలు మొదలయ్యాయి. ఆ రోజుల గురించి మీ అందరికీ ఏదో ఒకటి తెలుసు, ఎవరివైపునించి విన్నారో దాన్నిబట్టి. మా ఊళ్ళో ఎవరూ పేర్లు పెట్టి మాట్లాడేవాళ్ళు కాదు. అడవిలో ఉన్నవాళ్ళనీ వాళ్ళు అనే అనేవాళ్ళం, వాళ్ళకోసం వచ్చిన పోలీసుల్నీ వాళ్ళు అనే అనేవాళ్ళం, గొంతునిబట్టి ఏ వాళ్ళో తెలిసేది. పక్క ఊళ్ళో మా వర్తకుల్లోనే ఒకాయన్ని మొదటి వాళ్ళు ఇంట్లోంచి తీసుకుపోయి చంపేశారు. ఆయన శవాన్ని నేను చూశాను. అది చూశాక నాన్న చింతపండు కుంచం పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టారు. రెండో వాళ్ళు వచ్చి మా ఊరి బడిలో క్యాంపు పెట్టారు.

క్యాంపు పెట్టిన కొన్నాళ్ళకి ఒక ఆర్డరు వచ్చింది. కొండమీద గూడేల నించి అడవిలోకి తిండి పోతోంది కాబట్టి, ఇకమీదట మనుషుల్ని లెక్కబెట్టి ఒక్కో ఇంటికి ఒక చీటీ. ఆ చీటీ చూపిస్తే వారానికి మహా అయితే కిలో ఉప్పు, సీసాడు కిరసనాయిలు, అగ్గిపెట్టె ఒకటి. మందులు, బ్యాటరీలు అసలే లేవు. కుంచాలతో కొలవడం మానేసి కిలోల కాటా పెట్టాలి. కొండదారి మొదలయ్యే మలుపు దగ్గర వెదురు గేటు కట్టి అక్కడా ఒక కాటా పెట్టారు. వెళ్ళే ప్రతి మనిషి మూటా అక్కడ మళ్ళీ తూచేవాళ్ళు. ఎక్కువ ఇచ్చిన వర్తకుడు అడవిలోవాళ్ళకి సరుకు అందించినవాడి కిందే లెక్క అన్నారు. ఒక షాపుకారుని అలాగే తీసుకుపోయి నాలుగురోజులు ఉంచి పంపారు. ఆయన తిరిగొచ్చాక కూర్చోవడానికి పీట వేస్తే కూర్చోలేకపోయాడు.

కిలో ఉప్పు ఒక ఇంటికి వారానికి బోలెడు అనుకుంటారు మీరు. కొండమీద ఇల్లంటే మీ ఇల్లూ నా ఇల్లూ కాదు. ఒక్క పొయ్యిమీద పదిమందికి వండుతారు, పశువులకి పెడతారు, మామిడి టెంక దగ్గర్నించి వేటమాంసం దాకా ఎండబెట్టుకునేది ఆ ఉప్పుతోనే. అన్నంలోకి ఏమీ లేనిరోజున ఉప్పే కూర. అయినా ఎవరూ ఏమీ అనలేదు. మేమూ అనలేదు. ఆర్డరు అంటే ఆర్డరే అనుకున్నాం.

నాన్న నన్ను పిలిచి, ఒరే, కొసరు మానీరా, కాటా ఎంతంటే అంతే, ముల్లు మధ్యలో నిలిచిందా ఇచ్చీ, అన్నారు. మానేశాను. మొదటి శుక్రవారం ఎంత ఇబ్బంది పడ్డానో ఇప్పటికీ గుర్తు. తూచి పోసేశాక ఒక్కొక్కరూ సంచి తెరిచి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను తలెత్తకుండా తర్వాతి మనిషిని రమ్మన్నాను. రెండు మూడు వారాలకి వాళ్ళూ అలవాటుపడ్డారు, పోసిన వెంటనే సంచి మూతి కట్టేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరూ అడగలేదు, తిట్టలేదు. మా కొట్టుకీ మిగతా కొట్లకీ తేడా పోయింది.

ఆ శుక్రవారం నాన్న పాలకొండ వెళ్ళారు, మధ్యాహ్నం బస్సుకి వస్తానన్నారు. ముందురోజంతా వాన. నౌపడ ఉప్పు చెమ్మ పట్టి గోతాములోంచి నీరు కారుతోంది. పదిగంటల వేళ మావ వచ్చాడు. కూతురు పురిటికి వచ్చిందనీ, మగపిల్లాడు పుట్టాడనీ చెప్పాడు. నేను తూచాను. ముల్లు మధ్యలో నిలిచింది. పోశాను. ఆయన సంచి మూతి కట్టుకోలేదు. తెరిచి పట్టుకుని నా మొహంలోకి చూసి నవ్వాడు.

"ఏటి అల్లుడా, మీ నాయన నేడని కొసరు ఎగ్గొట్టీసినావేటి?" అన్నాడు.

ఎగతాళికే అన్నాడు. ఆర్డరు సంగతి ఆయనకీ తెలుసు. ఆయన ఆ రోజు కొసరుకోసం నిలబడలేదు, మనవడు పుట్టిన సంతోషంలో పాత అలవాటు కొద్దీ నిలబడ్డాడు. నేను మాత్రం సిగ్గుపడ్డాను. ఆయన తెచ్చిన నేరేడుపళ్ళన్నీ తిని, నెలరోజులుగా తలొంచుకుని కాటా చూస్తూ కూర్చున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది. రాశిలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి వేశాను. ఇంకో పిడికెడు తీసి, ఇది మనవడికి మావా, అని వేశాను. నీ సెయ్యీ మీ నాయన సెయ్యంతే అయిపోనాదిరా అంటూ మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పూటంతా నా మనసు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. ఇన్నేళ్ళలో నేను చేసిన మంచిపని ఏదంటే, ఆ రెండు పిడికిళ్ళే చెప్పుకోవాలి. చెడ్డపనీ దాని పక్కనే ఉంది.

మధ్యాహ్నం బస్సుకి నాన్న దిగి, కాళ్ళు కడుక్కుని కొట్లోకి వచ్చారో లేదో, గేటు దగ్గరున్న ఎస్సై, ఇద్దరు పోలీసులు మావని వెంటబెట్టుకుని వచ్చారు. చేతులు కట్టలేదు, కొట్టినట్టూ లేదు. మూట ఒక పోలీసు చేతిలో ఉంది. ఆ ఎస్సై చెడ్డవాడేం కాదు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో, కృష్ణానది అవతలి మాట, కొండ జ్వరం తగిలి కళ్ళు పచ్చబడి ఉన్నాయి. మా కొట్టు అరుగుమీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు. అప్పుడు మర్యాదగానే చెప్పాడు. మూటలో పావుకిలో ఎక్కువుంది. ఎక్కడిదంటే కొసరంటున్నాడు. ఇతని అన్న కొడుకు అడవిలో ఉన్నాడని మా దగ్గర రాసి ఉంది. నలుగురి దగ్గరా కొంచెం కొంచెం పోగుచేసి పైకి పంపుతున్నారని మా అనుమానం. నువ్వు ఇచ్చావంటే అది వేరే సంగతి. ఇచ్చావా.

పావుకిలోలో చెమ్మెంతో, నా పిడికిళ్ళెంతో. ఆ చెమ్మ సంగతైనా నేను చెప్పగలిగేవాణ్ణి. కొట్టుముందు గోతాములోంచి కారుతున్న నీరు చూపించినా చాలేమో. అందరూ నావైపు చూస్తున్నారు. నాన్న నావైపు చూడలేదు, పాలకొండనించి తెచ్చిన సంచీలోంచి సామాన్లు తీసి అరల్లో సర్దుతున్నారు, సర్దినవే మళ్ళీ సర్దుతున్నారు. నాకు పీటమీద కూర్చోలేకపోయిన ఆ షాపుకారు గుర్తొచ్చాడు.

"లేదండి. కాటా ఎంతంటే అంతే ఇచ్చాను. కొసరు మానేసి నెలయింది," అన్నాను.

పాఠం అప్పజెప్పినట్టు వచ్చేసింది. మాటలు కూడా నావి కావు, నాన్న నాకు చెప్పినవే. ఎస్సై మావవైపు తిరిగి, ఏమంటావు, అన్నాడు. మావ నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. సంతలో తప్పిపోయిన పిల్లాడు కనపడితే చూస్తాం చూడండి, అలా చూశాడు. వీడు అబద్ధమాడుతున్నాడని ఆయన అరిచి ఉంటే నేను ఏమై ఉండేవాణ్ణో అని నాకప్పుడు తట్టలేదు. ఆయనకి తట్టింది.

"అవును బాబూ. అల్లుడు ఇవ్వనేదు. నానే అబద్దం సెప్పినాను," అన్నాడు.

ఎస్సై చీటీ అడిగి తీసుకుని, అందులో ఉన్న పేరు చదివి, జేబులో పెట్టుకున్నాడు. వారం వారం ఆ చీటీలో అంకె చూశానే గానీ పేరు చదవలేదు, మావకి పేరంటూ ఒకటుందని అప్పుడే తెలిసింది. ఆ పేరు ఇక్కడా రాయను. నేస్తం పేరు పలకకూడదన్న ఆచారానికి కాదు, పలికే అర్హత నాకు లేక. క్యాంపువైపు నడిపించుకుపోయారు. వీధి మలుపు తిరిగేముందు మావ చెవిమీంచి చుట్టముక్క తీసి, నిప్పు కోసం అటూ ఇటూ చూశాడు. ఎవరిదగ్గరా లేదు కాబోలు, మళ్ళీ చెవిమీద పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మేం ఎప్పటిలాగే కొట్టు కట్టేసి, ఎప్పటిలాగే అన్నాలు తిన్నాం. క్యాంపుకి వెళ్ళి చెప్పొద్దామా నాన్నా అని నేను అడగలేదు. ఆయనా అనలేదు. మర్నాడు ఒకసారి, ఉప్పు కాకపోతే ఇంకోటి పట్టుకునేవాళ్ళురా, వాళ్ళు ముందే రాసుకున్నారు కదా, అన్నారు. నిజమే అయ్యుండొచ్చు. నేను నిజం చెప్పినా ఆయన్ని వదిలేవాళ్ళు కాదేమో, పైగా నన్నూ కలిపి తీసుకుపోయేవాళ్ళేమో. యాభై ఏళ్ళకు పైగా ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. వదిలేవాళ్ళేమో కూడా కదా. అది తెలుసుకునే దారి ఒక్కటే ఉండింది, దాన్ని నేను మూసేశాను.

పదిరోజుల తర్వాత పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. కొండల్లో ఎదురుకాల్పులు, ఇద్దరు మృతి, ఒకరిని గుర్తించారు. గుర్తించిన పేరు ఎస్సై చీటీలో చదివిన పేరే. ఆయన దగ్గర నాటు తుపాకీ దొరికిందని రాశారు. నేను ఆ పేపరు కొట్లోనే చదివాను. ఏడుపు రాలేదు. ఏదో ఒకటి రావాలి కదా అని కాసేపు కూర్చున్నాను, ఏమీ రాలేదు. పేపరు మడిచి, పొట్లాలు కట్టే కాగితాల దొంతరలో పెట్టేసి, లేచి బెల్లం దిమ్మలు దించుకున్నాను. ఆ వారం ఏ పొట్లంలో ఆ కాగితం పోయిందో, అందులో ఎవరు ఏం తీసుకెళ్ళారో.

తర్వాతి శుక్రవారం సంతకి ఆయన భార్య వచ్చింది. నేను అత్తా అని పిలిచేవాణ్ణి ఆమెని, ఆ రోజు పిలవలేదు. చీటీ నా ముందు పెట్టింది. అది కొత్త చీటీ. ఇంట్లో ఒక మనిషి తగ్గాడు కాబట్టి ఉప్పు ముప్పావు కిలో అని రాసి, ముద్ర వేసి ఉంది. ఎవరో కూర్చుని అంత శ్రద్ధగా లెక్కగట్టి రాశారు. నేను ముప్పావు కిలో తూచాను, ఆమె సంచిలో పోశాను. అప్పుడు ఏమనిపించిందో, రాశిలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి పైన వేశాను. గేటు దగ్గర తూస్తారన్న ఆలోచన కూడా రాలేదు నాకు. ఆమెకి వచ్చింది.

ఆమె సంచిలోకి చెయ్యి పెట్టి, పైన పడిన ఉప్పుని జాగ్రత్తగా పిడికిట తీసింది. ఎంత వేశానో అంతే తీసింది, ఎక్కువా తక్కువా కాదు. నా రాశిమీద పోసేసి, చెయ్యి దులుపుకుంది.

"వద్దు బాబూ. పట్టుకుపోడానికి ఇంక మా ఇంట్ల మనుసులు నేరు," అని, మూతి కట్టుకుని వెళ్ళిపోయింది.

బాబూ అంది, అల్లుడా అనలేదు. మళ్ళీ ఎప్పుడూ మా కొట్టుకి రాలేదు. ఆ ఏడాదే మేం ఆ ఊరు వదిలేసి కోటబొమ్మాళి వచ్చేశాం. నాన్న ఇక్కడ కొట్టు పెట్టారు గానీ కాటా దగ్గర కూర్చునేవారు కాదు, ఒళ్ళు బాగోలేదని నామీద వదిలేశారు. పోయేముందు ఏడాది నన్ను వెంటబెట్టుకుని శ్రీకూర్మం వెళ్ళి తాతలకి, అమ్మకి పిండాలు పెట్టి, చివర ఇంకొకటి పెడతానన్నారు. ఎవరికని పురోహితుడు అడిగితే నేస్తానికి అన్నారు. పేరు, గోత్రం కావాలన్నాడు. నాన్న, పేరు చెప్పకూడదండి, గోత్రం మాదే వేసేయండి, అన్నారు. అప్పుడే మొదటిసారి, చివరిసారి కూడా, నాన్న ఏడవడం చూశాను. నేను పక్కన నిలబడి ఆయన చొక్కా పట్టుకున్నాను. నాకప్పుడూ ఏడుపు రాలేదు.

ఇంతటితో ఆగితే, కుర్రవయసు, భయం, ఏదో జరిగిపోయింది అని మీరు నన్ను క్షమించేసేవాళ్ళు. ఆగలేదు. నాన్న పోయిన కొన్నాళ్ళకి, కొండల్లో క్యాంపులు ఎత్తేసి, గేట్లు తీసేసి, ఆ చీటీలు అందరూ మర్చిపోయాక, పట్నంనించి ఇద్దరు లాయర్లు నన్ను వెతుక్కుంటూ కోటబొమ్మాళి వచ్చారు. ఆ రోజుల్లో ఎదురుకాల్పుల్లో పోయారన్నవాళ్ళు నిజంగా ఎలా పోయారో ఊరూరా తిరిగి అడిగి రాసుకుంటున్నారట. ఇద్దరిలో ఒకామె, కళ్ళద్దాలు పెట్టుకున్నావిడ, చాలా మెత్తగా మాట్లాడింది. ఆయన భార్య చెప్పిందండి, ఆ ఉప్పు మీరు వేసిన కొసరేనని ఆయన గేటు దగ్గర అందరిముందూ అన్నాడట. మీరు ఒక్క మాట చెబితే, ఆయన్ని మామూలు మనిషిగా మీ కొట్టుముందునించే తీసుకెళ్ళారని రుజువవుతుంది. ఆమెకి, పిల్లలకి ఏమైనా దారి దొరకొచ్చు. మీకేం ప్రమాదం లేదు, అంది.

నిజంగానే ఏ ప్రమాదమూ లేదు. ఆ ఎస్సై ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో కూడా తెలీదు. నన్ను పీటమీద కూర్చోలేకుండా చేసేవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడకి కాఫీ ఇప్పించాను. ఇప్పించి, లేదండి, కాటా ఎంతంటే అంతే ఇచ్చాను, అప్పటికి కొసరు మానేసి నెలయింది, అన్నాను. అవే మాటలు, అదే వరసలో. మొదటిసారి భయంతో అన్నాను. రెండోసారి ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. అప్పటికి ఆ మాట ఎన్నిసార్లు లోపల తిరిగిందో, నోరు తెరిస్తే అదే వచ్చింది. ఆవిడ రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టమంది. పెట్టాను. నా సంతకం చక్కగా ఉంటుందని అందరూ అంటారు. ఆవిడ కూడా అంది.

ఇప్పుడు మావాడి కొట్లో ఉప్పు పాకెట్లలో వస్తుంది, బరువు ముందే అచ్చేసి ఉంటుంది. విడిగా తూచే పప్పులకీ బెల్లానికీ ఎర్ర అంకెల కాటా, గ్రాము తేడా వస్తే గ్రాము తీసేస్తారు. అన్యాయం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. రెండు కుంచాల కాలం పోయింది, పోవలసిందే. కానీ కొలత అయ్యాక సంచి తెరిచి పట్టుకుని నిలబడేవాళ్ళు ఎవరూ లేరు. అలా నిలబడాలని ఎవరికీ తెలీదు. సాయంత్రాలు నేను చూస్తూ ఉంటాను, కొనుక్కున్నవాళ్ళు కొనుక్కున్నట్టే చటుక్కున తిరిగి వెళ్ళిపోతారు. టీవీలో మాత్రం ఆ గేట్లు అలాగే ఉన్నాయి, ఆ కాటాలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన నిలబడి, మాకిచ్చిన ఆర్డరు ప్రకారమే చేశామని చెప్పే కుర్రాళ్ళు నా పందొమ్మిదేళ్ళ మొహాలేసుకుని కనిపిస్తారు. వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు. ఎవరైనా ఒకడు ఒక్క మాట నిజం చెబితే బాగుండునని మాత్రం చూస్తూ ఉంటాను.

మొన్న టీవీలో ఆ బస్తా పక్కకి తీసేశాక నేను పైకే ఏదో అన్నానట. మావాడు కాటా దగ్గర్నించి తలతిప్పి, ఏటి పెదనాన్నా, అన్నాడు. ఏటీ లేదురా అన్నాను. కొట్లో జనం ఉన్నారు, వాడి పని వాడికుంది. నేనన్నది ఇక్కడ రాస్తాను.

అయ్యా, ఆ ఉప్పు నేనే వేశాను. రెండు పిడికిళ్ళు. ఒకటి ఆయనకి, ఒకటి మనవడికి.

ఇది చదవడానికి మీకు ఎంతసేపు పట్టిందో, ఆ రోజు చెప్పడానికీ నాకు అంతసేపే పట్టేది.